మస్కట్ చాకుతో నా లగ్గం

ఆ రోజుల్లో వస్తువు మంచిదా కాదా అన్నది దాని బరువును బట్టి తేల్చేవాళ్లు. మా మేడ్చల్ బజారులో మిక్సీ కొనడానికి పోయినా, తాళంకప్ప కొనడానికి పోయినా, పెద్దవాళ్లు ముందు దాన్ని చేత్తో ఎత్తి, కాసేపు పైకీ కిందికీ ఆడించి, "బరువున్నది, తీస్కో" అనేవాళ్లు. అది రుబ్బుతుందా, ఇది తాళం పడుతుందా అనే సంగతి ఇంటికొచ్చాక బయటపడేది. ఇప్పుడు మా పిల్లలు చెంచా కొనాలన్నా ఫోన్‌లో కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివి కొంటారు. "తయారీ చాలా గట్టిగా ఉంది" అని ఎవరో రాసింది పైకి చదివి వినిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండదు? ఒక్క చాకు తయారీ గురించి నేను విన్నన్ని అభిప్రాయాలు ఈ భూమ్మీద ఇంకెవరూ విని ఉండరు. అందులో సగం నా పెళ్లి పీటల మీద కూర్చుని విన్నాను.

ఆ చాకు తెచ్చిన మహానుభావుడు మా అక్క మొగుడు. బావ అప్పట్లో మస్కట్‌లో ఏదో గోదాములో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడల్లా ఒక పెద్ద పెట్టె, దాని చుట్టూ తాళ్లు, ఆ తాళ్ల చుట్టూ మేమందరం. ఆ ఏడు అమ్మకు పూల దుప్పటి, నాయినకు చేతికర్రంత టార్చిలైటు, అవ్వకు మోకాళ్లకు రాసుకునే మందు వచ్చాయి. నాకు సెంటుబుడ్డి వస్తుందని ఆశ. (కండ్లకోయ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. మిషన్లకు నూనె పోసి పోసి నా దగ్గర ఏ వాసన వచ్చేదో నాకు తెలుసు.) బావ పెట్టె అడుగు నుంచి నల్లటి డబ్బా తీసి, రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు. తెరిస్తే మడతచాకు. మామూలు మడతచాకు కాదు. మడిచి ఉంటేనే జానెడు, తెరిస్తే మోచేతికి దగ్గరగా వచ్చేది. పిడికి రెండువైపులా ఇనుపరేకులు, నాలుగు మూలలా మరలు. కత్తి అలుగు పైకి లేపితే "టక్" మని ఊరంతా వినిపించేలా బిగుసుకునేది. మళ్లీ మడవాలంటే పిడి మధ్యలో ఉన్న ఇనుపపట్టీని బొటనవేలితో పక్కకు నెట్టాలి.

"ఎట్లుంది బామ్మర్ది?" అన్నాడు బావ.

"బరువున్నది బావా."

"బరువనకురా, మజ్బూతను. దీని మీదికెళ్లి లారీ పోయినా ఏంగాదు."

"చాకు మీదికెళ్లి లారీ ఎందుకు పోతది బావా?"

"పోతే అంటున్నరా! నీతోని ఇదే లొల్లి."

ఇక మొదలైంది చూడండి. మా ఇంటికి వచ్చిన మగవాళ్లందరికీ ఆ చాకు పట్టుకుని చూడటం ఒక పని అయిపోయింది. నాయిన దాన్ని అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఇనుము మంచిది" అన్నాడు. చిన్నాయిన మరలు గోటితో గీకి, "మర ఒక్కటి గూడ కదులుతలేదు సూడుండ్రి" అన్నాడు. గడ్డం గీసే ఆయన, గీయాల్సిన గడ్డం సగంలో వదిలేసి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని టక్కుమనిపించి, "అబ్బ, ఏం సప్పుడు!" అన్నాడు. నేను సగం గడ్డంతో కూర్చుని ఆయన ఆనందం చూస్తూ ఉండాల్సి వచ్చింది. కాలేజీకి పట్టుకుపోతే మా మెకానికల్ సారు పాఠం ఆపి, ఆ బిగింపు ఎలా పనిచేస్తుందో బోర్డు మీద బొమ్మ గీశాడు. ఇంట్లో అవ్వ ఒక్కతే మొత్తుకునేది. "ఉత్తగ టక్కుటక్కుమనియ్యకుండ్రిరా, ఇంట్ల కొట్లాటలైతయ్!" అని. కత్తెర ఊరికే ఆడించినా, కత్తి ఊరికే ఆడించినా ఇంట్లో గొడవలొస్తాయని మావాళ్ల నమ్మకం. ఎవరు వింటారు? అవ్వ అరుస్తుంటే చిన్నాయిన మంచం కింద దాచిపెట్టి మరీ టక్కుమనిపించేవాడు. అరవై దగ్గర పడుతున్న మనిషి!

ఇంత జరిగినా, ఆ చాకుతో ఏదైనా ఒకటి కోసి చూద్దామని ఒక్క మగవాడికీ తోచలేదు. ఆ పని చేసింది మా అమ్మ. ఒకరోజు కత్తిపీట దొరక్క టమాట మీద పెట్టింది. టమాట తెగలేదు, చితికింది. అమ్మ చాకును కడిగి, తుడిచి, నా ముందు పెట్టి, "ఇది కొయ్యదురా, నలుపుతది" అంది. నాయినకు ఆ మాట నచ్చలేదు. మా చిన్న ద్రాక్షతోటలోకి తీసుకుపోయి ఒక తీగె మీద పెట్టి నొక్కాడు. తీగె తోలు ఊడి, పీచుపీచుగా అయి, పందిరికి వేలాడింది. నాయిన దాన్ని కాసేపు చూసి, తీగెదే తప్పన్నట్టు ముఖం పెట్టి, "కట్టుడు మాత్రం మస్తుగున్నది" అని, జేబులోంచి రోజూ వాడే తోటకత్తెర తీసి మిగతా పని చేసుకున్నాడు.

దీనికి తోడు బావ ఫోన్లు. ప్రతి శుక్రవారం మస్కట్ నుంచి ఫోన్ మోగేది. అక్క అప్పుడు మా దగ్గరే ఉండేది, పరుగెత్తుకొచ్చి ఎత్తేది. ఎత్తగానే అటు నుంచి, "బామ్మర్దికియ్యి." నేను తీసుకుంటే, "ఎట్లుంది నా చాకు?" మజ్బూతుందని చెప్పాలి. తుప్పు పట్టలేదని చెప్పాలి. ఫోన్ దగ్గర పెట్టి టక్కుమనిపించాలి. "ఆఁ, గదీ!" అని సముద్రం అవతల ఒక నిట్టూర్పు వినిపించేది. ఇస్తే ఇచ్చాడు గాని, ఆ చాకు నాది అని ఒక్కనాడూ అనుకోనివ్వలేదు మా బావ. ఫోన్ తిరిగి అక్క చేతికి వచ్చేసరికి లైను తెగేది. "నేనెట్లున్ననో అడగడానికి నోరు రాదు గాని, గా ఇనుపముక్క ఎట్లుందో అడుగుతడు!" అని అక్క ఆ రోజంతా గిన్నెల మీద కోపం చూపించేది. కొయ్యదని బావకు చెప్పమని అమ్మ నన్ను పోరేది. చెప్పొచ్చు కదా అంటారా? మీరు మా బావను చూడలేదు.

ఆ మాఘమాసంలో నాకు శామీర్‌పేట సంబంధం వచ్చింది. వాళ్లదీ ద్రాక్షతోటే. పిల్లను చూడటానికి పోయినప్పుడు ఆమె మాకు చాయ్ ఇచ్చి, చాప మీద కూర్చుని, చాప అల్లిక చూస్తూ ఉండిపోయింది. నేను కూడా సిగ్గుపడుతూనే చూశాను గాని, చూసిన ఆ కాస్తకే నా పని అయిపోయింది. ఆ పిల్ల కాకపోతే ఇంకెవరూ వద్దని ఇంటికొచ్చి అమ్మకు చెప్పేశాను. ఆమెకు నేను నచ్చానో లేదో మాత్రం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అదే నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. పైగా ఆ ఇంట్లో అన్నిటికీ పిల్ల పెద్దనాయినే పెద్ద. తెల్లమీసాలు, తెల్ల ధోవతి, ఎవరి మాటకైనా అడ్డం తగిలే గొంతు. ఆయన మనసులో వేరే పిల్లవాడున్నాడు, ప్లాట్ల వ్యాపారం చేసేవాడు. "కాలేజీల మిషిన్లకు నూనె పోసేటోనికిస్తవార పిల్లను?" అని మా ముందే తమ్ముణ్ని అడిగాడు. తమ్ముడు, అంటే నాకు కాబోయే మామ, ఎలాగో ధైర్యం చేసి మాట ఇచ్చాడు గాని, "సరే, కానీయ్. లగ్గం నాడు గాని ఏదన్న అపశకునం అయిందనుకో, నేనే లేపుత పిల్లను పీటల మీదికెళ్లి" అని పెద్దాయన అందరి ముందూ చెప్పి పెట్టాడు.

మా దిక్కున పెండ్లికొడుకును చేసిన దగ్గర్నుంచి పుస్తె కట్టేదాకా వాడి చేతిలో కత్తి ఉండాలి. మొనకు నిమ్మకాయ గుచ్చి పట్టుకోవాలి. గాలి సోకకుండా అన్నమాట. తినేటప్పుడు, పడుకునేటప్పుడు, ఆఖరికి పొలం వైపు పోయేటప్పుడు కూడా విడవకూడదు. అందుకోసం మా ఇంటిపేరు వాళ్లందరికీ కలిపి ఒక పాత కత్తి ఉండేది. ఏ ఇంట్లో లగ్గమైతే ఆ ఇంటికి పోయేది. నా వంతు వచ్చేసరికి అది ఏ ఇంట్లో ఉందో ఎవరికీ తెలియలేదు. ఇచ్చామని ఒకరు, మాకు రాలేదని ఒకరు. అమ్మ తల పట్టుకుని కూర్చుంటే, నా లగ్గానికని సెలవు పెట్టి వచ్చిన బావ లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూడగానే నాకు అర్థమైంది. నా కర్మ కాలిందని.

"నేను దెచ్చిన చాకుండంగ పరేషానెందుకు?" అన్నాడు.

"మడిచే కత్తి పెండ్లికొడుకు పడుతడార ఎన్నడన్న?" అంది అవ్వ.

"అవ్వా, ఇది తెరిస్తే మడిచే కత్తనే తెల్వది. అంత మజ్బూత్!"

అలా నా చేతికి వచ్చింది. పసుపు రాశారు, నిమ్మకాయ గుచ్చారు. అది గుచ్చడానికే చిన్నాయిన నిమ్మకాయకు ముందు మేకుతో బెజ్జం పెట్టాల్సి వచ్చింది. చేతిలోంచి విడవకూడదు కదా, అందుకని చూడాలనుకున్నవాళ్లందరూ చాకుతో పాటు నా చేతిని కూడా లాగేవాళ్లు. వచ్చిన చుట్టమల్లా నా మణికట్టు పట్టుకుని, చెయ్యి వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, మరలు చూసి, నిమ్మకాయ తీసి, టక్కుమనిపించి, నిమ్మకాయ పెట్టి పోయేవాడు. "ఏం పిల్లగా, బాగున్నవా?" అని ఒక్కరన్నా అడగలేదు. నా పెళ్లిలో నేను ఆ చాకుకు తగిలించిన పిడిని, అంతే. ఎడాపెడా తెరిచి మూసి, తెరిచి మూసి, పసుపు, నిమ్మరసం, పెళ్లింటి బెల్లం చేతులు అన్నీ కలిసి దాని కీళ్లలోకి దిగాయి. లగ్గం నాటి పొద్దున చూసుకుంటే ఆ ఇనుపపట్టీ కదలడం లేదు. చాకు తెరుచుకుని తెరుచుకున్నట్టే బిగిసిపోయింది.

"సూస్తివా?" అన్నాడు బావ. "బిగిస్తే గట్ల బిగియ్యాలె!"

నాకు ఏడుపొక్కటే తక్కువ.

శామీర్‌పేటలో ఎదుర్కోళ్లు అయ్యాయి, పానకం తాగించారు, పందిట్లోకి తీసుకుపోయి పీటల మీద కూర్చోబెట్టారు. నాకూ పిల్లకూ మధ్య తెర పట్టారు. తెర కింద నుంచి ఆమె పాదాల పసుపు మాత్రం కనిపిస్తోంది. పంతులు మంత్రాల మధ్య ఆగి, "నాయనా, జీలకర్ర బెల్లం వేళయింది. నిమ్మకాయ తీసేసి, ఆ కత్తి మడిచి నడుం దట్టీలో చెక్కుకో" అన్నాడు. నేను పట్టీని నెట్టాను. కదల్లేదు. రెండు బొటనవేళ్లతో నెట్టాను. బాసింగం కళ్ల మీదికి జారింది గాని పట్టీ జరగలేదు. తెరిచి ఉన్నదాన్ని అలాగే దట్టీలో పెట్టుకుందామంటే, కూరగాయను కోయలేని చాకైనా నా కడుపు దగ్గరికి వచ్చేసరికి భయమేసింది.

"ఏందది?" అన్న గొంతు పందిరంతా వినిపించింది. తెల్లమీసాలు లేచి వస్తున్నాయి.

"ఏంలేదు మామా, జరంత బిగిసింది" అన్నాడు బావ.

"మూతవడని కత్తి పట్టుకొని లగ్గానికొచ్చిండా వీడు? ఇంతకు మించి అపశకునం ఉంటదార?" అని పెద్దాయన తమ్ముడి వైపు తిరిగాడు. "నేను జెప్పలే నీకు? జెప్పలే?"

మామ పంతులు వైపు చూశాడు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. తెర కింద ఆ పసుపు పాదాలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. ఇక అయిపోయిందనుకున్నాను. పెద్దాయన వంగి, "ఏది, ఇటు దే. ఇదేం తుక్కు ఇనుమో లోకానికి సూపెడుత" అని నా మణికట్టు పట్టుకున్నాడు. విడవకూడదు కాబట్టి నా చెయ్యి కూడా పోయింది. ఆయన పట్టీని నెట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా నెట్టాడు. మీసాలు వణికాయి. అప్పుడాయన చాకును, అంటే నా చేతిని, మెల్లగా పైకీ కిందికీ ఆడించాడు.

"బరువున్నది" అన్నాడు.

ఆ మాట వినగానే బావకు ప్రాణం లేచొచ్చింది. "మస్కట్‌ది మామా! గా మరలు సూడు!"

"సూస్తున్న తియ్." పెద్దాయన నా పక్కన పీట జరుపుకుని కూర్చున్నాడు. "రేకు రెండు దిక్కుల ఉన్నదా? లోపల గూడనా?"

"లోపల గూడ మామా! మీదికెళ్లి లారీ పోయినా ఏంగాదు."

"లారీనా?" అన్నాడాయన, నిజంగానే ఆలోచిస్తూ.

మీరు నమ్మరు. అపశకునం ఎటు పోయిందో, పిల్లను లేపుతానన్న మాట ఎటు పోయిందో, పందిట్లో ఉన్న మగవాళ్లంతా మెల్లగా లేచి నా ఎడమవైపు చేరారు. కిరసనాయిలు పెట్టమని ఒకరు, కొబ్బరినూనె మేలని ఒకరు. నా భుజం మీద మోచెయ్యి ఆనించి మరీ చూసినవాళ్లున్నారు. "లగ్గం దాటిపోతున్నదయ్యా!" అని పంతులు అరుస్తున్నాడు. "ఎడమ చేతికి మార్చుకో నాయనా, కుడిచేత్తో జీలకర్ర బెల్లం పెట్టు!" అన్నాడు చివరికి. మార్చుకున్నాను. ఎడమ చెయ్యి పెద్దాయన ఒళ్లో, ఆ చేతిలో చాకు, దాని మీద పదిమంది వేళ్లు. కుడిచేతిలో జీలకర్ర బెల్లం. బ్యాండువాళ్లు వాయించారు, తెర దించారు, ఆమె తల మీద చెయ్యి పెట్టాను.

పుస్తె కట్టడానికి మాత్రం రెండు చేతులూ కావాలి కదా. పంతులు పుస్తెతాడు పట్టుకుని నిలబడ్డాడు, ఆయన ముఖం కందిపోయింది. నేను ఎడమ చెయ్యి లాగితే పెద్దాయన తన వైపు లాగాడు. "ఆగు బిడ్డా, ఆగు, కదుల్తాంది" అన్నాడు. పీటల మీద కూర్చున్నవాణ్ని ఆగమంటాడు! అప్పుడు కొబ్బరినూనె దిగిందో, ఆయన బొటనవేలి పట్టుదలే గెలిచిందో, చాకు టక్కుమని మూసుకుంది. "ఆఁ! అయిపాయె!" అని మగవాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు. ఆడవాళ్ల వైపు ఏం కనిపిస్తుంది? పుస్తె కట్టేశాడనుకుని అక్షింతలన్నీ మా మీద కుమ్మరించారు. "ఇంకా కట్టలేదమ్మా!" అని పంతులు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత నేను నిజంగా మూడు ముళ్లూ వేసేటప్పుడు చల్లడానికి పందిట్లో ఒక్క గింజ లేదు. కింద పడ్డవే ఏరి చల్లారు.

పెద్దాయన ఆ మూసిన చాకును పంచె అంచుతో తుడిచి, తన చేత్తోనే నా దట్టీలో చెక్కి, తమ్ముడితో, "పిలగాడెట్లున్నా, వస్తువు మాత్రం మంచిది పట్టిండు" అన్నాడు. నా పెళ్లికి ఆయన ఇచ్చిన దీవెన అదొక్కటే. తర్వాత ఎప్పుడు శామీర్‌పేట పోయినా అల్లుడొచ్చాడని ఆయన సంబరపడలేదు, చాకు తెచ్చానా అని అడిగాడు. ఓపిక పట్టి పట్టి చివరికి దాన్ని ఆయనకే ఇచ్చేశాను. ఆ సంగతి బావకు చెప్పే ధైర్యం మాత్రం మా అక్కకే వదిలేశాను.

ఇప్పుడు ఆ ద్రాక్షతోటలూ లేవు, పెద్దాయనా లేడు. మా పెళ్లి ఆల్బం మాత్రం ఉంది. మొన్న మా పిల్లలు తీసి చూసి పడీ పడీ నవ్వారు. ఏ ఫోటో చూసినా మగవాళ్ల వీపులే. ఫోటోగ్రాఫరు కూడా మగవాడే కదా, ముఖ్యమైన ఘట్టంలో కెమెరా చాకు మీద పెట్టాడు. ఒక బొమ్మలో చిన్నాయిన మోచేతి కింద నుంచి బాసింగం ఒకటి కనిపిస్తోంది, అది నేనే అయ్యుండాలి. "తెర దించినప్పటి ఫోటో ఒక్కటన్నా లేదా నాయినా?" అని మా అమ్మాయి అడిగింది. లేదన్నాను. ఇన్నేళ్లూ దాని గురించి బావను తిట్టని రోజు లేదు.

కానీ తెర దించినప్పుడు ఏం జరిగిందో నాకు తెలుసు. పందిట్లో ఉన్న కళ్లన్నీ ఆ ఇనుపముక్క మీద ఉన్నాయి. సిగ్గుపడాల్సిన అవసరం ఆమెకు లేకుండా పోయింది. ఆమె తలెత్తి నా ముఖంలోకి నేరుగా చూసింది. తర్వాత పక్కకు లాగేసి ఉన్న నా ఎడమ చేతిని చూసింది, దాని మీది వేళ్లన్నీ చూసింది. పెదవులు కదిలీ కదలకుండా, "నొస్తుందా?" అని అడిగింది.

ఆమె నాతో అన్న మొదటి మాట అది. మణికట్టు విరిగిపోతుందేమో అన్నంత నొప్పి. "లేదు" అన్నాను, ఆ వెర్రి కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.